కల్మార్ యూనియన్ విడిపోని లోకంలో పది దాలెర్ల నోటు: ఊహా కరెన్సీ డిజైన్‌కు సమగ్ర మార్గదర్శి

ఊహా సామ్రాజ్యాలకు కరెన్సీ నోట్లు గీసే సరదా ఉన్నవాళ్లు నెట్‌లో చాలామందే ఉన్నారు. స్కాండినేవియా అనగానే ఒక వైకింగ్ ఓడ, నాలుగు రూన్ అక్షరాలు, కొమ్ముల టోపీ పెట్టుకున్న గడ్డం మనిషి వచ్చేస్తారు. (వైకింగులు కొమ్ముల టోపీలతో యుద్ధానికి వెళ్లారనడానికి ఆధారం లేదు. అది 19వ శతాబ్దపు నాటకాలవాళ్లు తగిలించిన అలంకారం.) బొమ్మ బాగానే ఉంటుంది. ఈ నోటు ఇచ్చిందెవరు, పైన ఈ భాషే ఎందుకుంది, పక్క రాజ్యంలో కొట్టువాడు దీన్ని తీసుకుంటాడా అని అడిగితే మాత్రం జవాబుండదు.

నిజం నోటు మీద ప్రతి వరుస వెనకా ఎవరో ఎవరితోనో కుదుర్చుకున్న రాజీ ఉంటుంది. ఏ భాష పెద్దక్షరాల్లో ఉండాలి, ఎవరి రాజముద్ర పైన ఉండాలి, బ్యాంకు ఏ ఊళ్లో పెట్టాలి, అన్నీ బేరాలే. ఆ బేరాలు ముందు తేల్చుకుంటే డిజైన్ సగం దానంతటదే వస్తుంది. ఇక్కడ ఒకే ఒక్క నోటును మొదటినుంచి చివరిదాకా తయారుచేద్దాం: కల్మార్ యూనియన్ (డెన్మార్క్, నార్వే, స్వీడన్‌ల ఉమ్మడి రాజ్యం) విడిపోకుండా నిలబడిన లోకంలో 1907లో అచ్చయిన పది దాలెర్ల నోటు. దాలెర్ అంటే అక్కడి పాతకాలపు డబ్బు.

1. చరిత్రకు మలుపు ఒక్కటే పెట్టండి

1397లో రాణి మార్గరెట్ చొరవతో డెన్మార్క్, నార్వే, స్వీడన్ ఒకే రాజు కిందికి వచ్చాయి. ఆమె అక్క వంశం నుంచి తెచ్చుకున్న పొమెరానియా ఎరిక్‌కు స్వీడన్‌లోని కల్మార్ పట్టణంలో పట్టాభిషేకం జరిగింది. ఫిన్లాండ్ స్వీడన్‌తోపాటు, ఐస్‌లాండ్, ఫారో దీవులు, గ్రీన్‌లాండ్ నార్వేతోపాటు వచ్చాయి. 1520 నవంబరులో స్టాక్‌హోంను లొంగదీసుకున్న రాజు క్రిస్టియన్ 2, క్షమాభిక్ష ఇస్తానని మాటిచ్చి కూడా దొరలను, బిషప్పులను, పట్టణ పెద్దలను పదుల సంఖ్యలో నరికించాడు. చనిపోయినవాళ్లలో గుస్తావ్ వాసా తండ్రి ఒకడు. తిరుగుబాటు లేచింది, 1523 జూన్ 6న గుస్తావ్ స్వీడన్ రాజయ్యాడు, యూనియన్ కథ ముగిసింది.

మన మలుపు ఇది: క్రిస్టియన్ ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. అంతే. ఇంకేమీ మార్చకండి. రెండు మూడు చోట్ల వేలు పెడితే చదివేవాడికి ఏది నిజం, ఏది కల్పన అన్న పట్టు పోతుంది.

మలుపు కుదిరిన వెంటనే కాగితం మీద రెండు జాబితాలు రాసుకోండి. మొదటిది, 1520కి ముందే ఉన్నవి, కాబట్టి మన లోకంలోనూ ఉండేవి. రెండోది, ఆ తర్వాత పుట్టినవి, కాబట్టి వాడకూడనివి. ఊహా చరిత్ర నోట్లు చాలావరకు బోల్తా పడేది ఈ రెండో జాబితాలోనే. మొక్కలకు, జంతువులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1707లో పుట్టాడు, పిల్లల కథల హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1805లో. రెండొందల ఏళ్లపాటు పెళ్లిళ్లు, యుద్ధాలు, వలసలు వేరేగా నడిచిన దేశంలో ఆ మనుషులే పుడతారని చెప్పలేం. హెల్సింగోర్‌లోని క్రోన్‌బోర్గ్ కోట ఎంత అందంగా ఉన్నా, 1574 తర్వాత కట్టింది గనుక వాడకూడదు. దాని స్థానంలో అంతకుముందున్న క్రోగెన్ కోటను వాడొచ్చు. అది పొమెరానియా ఎరిక్ కట్టించింది.

పోగొట్టుకున్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఓర్క్నీ, షెట్లాండ్ దీవులను 1468, 69ల్లో కూతురి కట్నం కింద క్రిస్టియన్ 1 స్కాట్లాండ్‌కు తాకట్టు పెట్టాడు. మన మలుపుకు ముందే చేజారాయి కాబట్టి మ్యాపులో చూపించాలని ఎంత సరదాగా ఉన్నా కుదరదు.

2. ఖజానాలో ఏముంది, బ్యాంకు ఎక్కడుంది

మనుషులు మారతారు, గనులు మారవు. స్వీడన్‌లో ఫాలున్ రాగి గని మధ్యయుగాల నుంచి ఉంది. నార్వేలో కాంగ్స్‌బెర్గ్ వెండి నిజ చరిత్రలో 1623లో బయటపడింది. మన లోకంలో ఓ పదేళ్లు అటూ ఇటూ కావచ్చు, వెండి మాత్రం అక్కడే ఉంటుంది. మూడోది ఓరెసుండ్ జలసంధి సుంకం. బాల్టిక్‌లోకి వెళ్లే, వచ్చే ఓడల దగ్గర డెన్మార్క్ రాజులు 15వ శతాబ్దం నుంచి 1857 దాకా దీన్ని వసూలు చేశారు. నిజ చరిత్రలో 1658 ఒప్పందంతో స్కోనె ప్రాంతం స్వీడన్‌కు పోయి జలసంధి రెండు దేశాల మధ్య సరిహద్దయింది. మన లోకంలో రెండు గట్లూ ఒకే రాజ్యానివి. కోపెన్‌హాగన్ దేశం అంచున కాక నడిబొడ్డున ఉంటుంది. రాజధాని ఎక్కడన్న ప్రశ్న అక్కడితో తీరిపోయింది.

ఫాలున్ రాగి డిజైన్‌కు ఓ మంచి ఊతం ఇస్తుంది. 17వ శతాబ్దపు స్వీడన్‌లో రాగి పుష్కలంగా ఉండి వెండి తక్కువగా ఉండటంతో రాగి పలకలనే నాణేలుగా చలామణి చేశారు. 1644 నాటి పది దాలెర్ల పలక బరువు 19.7 కిలోలు. సంతకు వెళ్లాలంటే బండి కట్టాల్సిన డబ్బు అది. ఆ మోత తప్పించుకోవడానికే జొహాన్ పామ్‌స్ట్రుక్ నడిపిన స్టాక్‌హోమ్స్ బాంకో 1661లో యూరప్‌లో మొట్టమొదటి బ్యాంకు నోట్లు ఇచ్చింది. అవసరానికి మించి అచ్చువేసి కొన్నేళ్లలోనే మునిగింది. 1668లో దాని స్థానంలో పుట్టిన బ్యాంకే నేటి రిక్స్‌బాంక్, ప్రపంచంలో అన్నిటికన్నా పాత కేంద్ర బ్యాంకు.

రాగి పలక మీద ముద్రలు ఎలా ఉండేవో ఫొటోల్లో చూడండి: నాలుగు మూలలా నాలుగు గుండ్రటి ముద్రలు, నడిమధ్య విలువ తెలిపే ముద్ర. మన నోటు లేఅవుట్ అదే. నాలుగు మూలల్లో కిరీటంతో గుండ్రటి ముద్రలు, మధ్యలో పెద్ద రోజెట్ (పువ్వు ఆకారపు గీతల అల్లిక). పలకల కాలం పోయి రెండొందల ఏళ్లయినా జనం కళ్లు ఆ అమరికకు అలవాటుపడిపోయాయి, అందుకే బ్యాంకు దాన్ని మార్చలేదు. ఇలాంటి వారసత్వం ఒక్కటి దొరికితే వందల ఏళ్ల చరిత్రను విడిగా రాసి వివరించే పని తప్పుతుంది.

బ్యాంకు ఎక్కడ పెట్టాలి? నార్వే బ్యాంకు 1816లో పుట్టినప్పుడు దాని కేంద్రం రాజధానిలో కాదు, ట్రోండ్‌హైమ్‌లో పెట్టారు. 1897 దాకా అక్కడే ఉంది. మనం కూడా రాజధాని కోపెన్‌హాగన్‌కు ఇచ్చాం కాబట్టి, స్వీడన్ దొరల మనసు నొచ్చుకోకుండా బ్యాంకును కల్మార్‌లో పెడదాం. నోటు మీద అచ్చయిన ఊరు: కల్మార్. కింద శాఖ పేరు రబ్బరు స్టాంపులా ఎర్ర సిరాతో: బెర్గెన్, తుర్కు లేదా రెయ్క్‌యవిక్.

శాఖ పేరు ఎందుకంటే, పెద్ద దేశాల్లో తొలినాళ్ల నోట్లు అన్నిచోట్లా చెల్లేవి కావు. బ్రిటిష్ ఇండియా నోట్లూ అంతే. సర్కిళ్లుగా విడగొట్టి ఇచ్చేవారు, మద్రాసు వైపు ఇచ్చిన నోట్ల మీద కాకినాడ పేరు కూడా కనబడుతుంది. ఒక సర్కిలు నోటు ఇంకో సర్కిల్లో చట్టప్రకారం చెల్లుబాటు కాదు. 1903లో అయిదు రూపాయల నోటుతో ఆ హద్దులు చెరగడం మొదలైంది.

3. విలువలు

దీని మీద ఎక్కువ టైం పెట్టక్కర్లేదు. డెన్మార్క్ పాత లెక్కలో ఒక రిక్స్‌దాలెర్‌కు 6 మార్కులు, మార్కుకు 16 షిల్లింగులు, మొత్తం 96. నిజ చరిత్రలో 1873లో డెన్మార్క్, స్వీడన్, 1875లో నార్వే ఒక ద్రవ్య కూటమిగా చేరి, బంగారం మీద ఆధారపడిన దశాంశ క్రోనకు మారాయి. మన లోకంలో ముందే ఒకే రాజ్యం కాబట్టి అలా కూడాల్సిన అవసరమే రాలేదు. 96 షిల్లింగుల లెక్క 1907 దాకా సాగింది. నమ్మశక్యంగా లేదా? మన రూపాయికి 1957 దాకా 16 అణాలే. నోట్లు 1, 5, 10, 50, 100 దాలెర్లు. చాలు.

4. భాషలు: అసలు గొడవంతా ఇక్కడే

బహుభాషా సామ్రాజ్యం నోటు ఎలా ఉంటుందో చూడాలంటే 1900ల నాటి ఆస్ట్రియా-హంగరీ నోట్లు వెతకండి. ఒకవైపు జర్మన్, రెండోవైపు హంగేరియన్, రెండూ సమానం. మిగతా ఎనిమిది భాషలకు జర్మన్ వైపు చిన్న అక్షరాల్లో ఒక్కో ముక్క దక్కింది, హంగేరియన్ వైపు అదీ లేదు. ఎవరి మాట ఎంత చెల్లేదో ఆ కాగితమే చెబుతుంది. మన దగ్గర హైదరాబాద్ సంస్థానం ఉస్మానియా సిక్కా నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లిష్‌లతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం ఉండేవి. నేటి రిజర్వు బ్యాంకు నోటు మీద హిందీ, ఇంగ్లిష్ కాక వెనకవైపు పట్టీలో 15 భాషలున్నాయి. వరుస ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంటుంది కాబట్టి తెలుగుది చివరినుంచి రెండో స్థానం. అక్షరక్రమం పెట్టుకోవడం కూడా ఒక రాజీయే, ఎవరు ముందన్న తగాదా రాకుండా.

మన నోటుకు ముందువైపు రాజధాని భాష డేనిష్, వెనకవైపు స్వీడిష్. రెండూ ఒకే సైజు. నార్వేకి వేరే వరుస లేదు. నిజ చరిత్రలోనూ డెన్మార్క్ కింద ఉన్న శతాబ్దాల్లో నార్వేలో రాతకు డేనిషే వాడారు. వెనకవైపు కింద పట్టీలో ఫిన్నిష్, ఐస్‌లాండిక్, జర్మన్. జర్మన్ ఎందుకంటే హోల్‌స్టైన్ 1460 నుంచీ డేనిష్ రాజుల చేతిలోనే ఉంది. ఉత్తరాన రెయిన్‌డీర్లు మేపుకునే సామీలకు వరుస లేదు. ఆ లోటు కావాలనే ఉంచండి, అడిగినవాళ్లకు మీ లోకంలోని అన్యాయం గురించి చెప్పడానికి పనికొస్తుంది.

అక్షరాల విషయంలో ఒక్క చిన్న పని చేస్తే తెలిసినవాళ్లు ఆగి చూస్తారు. నేటి స్వీడిష్‌లో ఏ, ఓ అక్షరాల నెత్తిన రెండేసి చుక్కలుంటాయి. డేనిష్‌లో అదే చోట ఏ, ఈ అతుక్కుపోయిన జంట అక్షరం, అడ్డగీత కొట్టిన ఓ ఉంటాయి. స్వీడిష్‌లో చుక్కల అక్షరాలు, నెత్తిన సున్న ఉన్న ఏ 1526లో అచ్చయిన బైబిల్ కొత్త నిబంధన అనువాదంతో స్థిరపడ్డాయి. అంటే యూనియన్ విరిగిన మూడేళ్లకు. మన లోకంలో ఆ విడిపోవడమే లేదు, కాబట్టి స్వీడిష్ వైపు కూడా డేనిష్ అక్షరాలే వాడండి. సున్న పెట్టిన ఏ బదులు రెండు ఏలు పక్కపక్కన రాయండి. డెన్మార్క్ 1948 దాకా అలాగే రాసింది, నామవాచకాలన్నీ పెద్దక్షరంతో మొదలుపెట్టింది కూడా.

ఫాంట్ ఎంచుకునేటప్పుడు ఈ అక్షరాలన్నీ ఉన్నాయో లేదో ముందు టైప్ చేసి చూడండి. ఐస్‌లాండిక్‌కు ఇంకో రెండు ప్రత్యేక అక్షరాలు కావాలి, ఉచిత ఫాంట్లు చాలావరకు అక్కడే చేతులెత్తేస్తాయి. శీర్షికకు ఫ్రాక్టూర్ తరహా గోతిక్ ఫాంట్, వాగ్దానం వాక్యానికి మామూలు రోమన్. వాక్యం ఇలా: ఈ నోటు తెచ్చినవారికి కల్మార్‌లోని బ్యాంకు పది దాలెర్ల వెండి చెల్లిస్తుంది.

5. బొమ్మ, రాజముద్ర

ముందువైపు మార్గరెట్. సందేహం లేదు. రోస్కిల్డె కెథెడ్రల్‌లో ఆమె సమాధి మీద పడుకున్న శిల్పం ఉంది, ఫొటోలు తేలిగ్గా దొరుకుతాయి. ఫొటో లైసెన్సు చూసుకుని వాడండి, తీసినవాళ్ల పేరు ఇవ్వమంటే ఇవ్వండి. స్వీడన్ వైపు నుంచి కూడా ఒకరు కావాలనుకుంటే సెయింట్ బిర్గిట్టా (1303–1373) ఉంది, కానీ ఆమెను పెట్టారంటే మీ సామ్రాజ్యం కాథలిక్‌గానే మిగిలిందని అర్థం. లూథర్ మతం వచ్చిందా లేదా అన్నది ఆ ఒక్క బొమ్మతో తేలిపోతుంది. నేనైతే ఆమె జోలికి వెళ్లను. వెనకవైపు క్రోగెన్ కోట, ముందర సుంకం కట్టడానికి లంగరేసిన ఓడలు, వాటిలో ఒకటి 1907 కాలపు పొగ ఓడ.

రాజముద్రకు ఎరిక్ ముద్రే నమూనా. డాలు నాలుగు భాగాలు: డెన్మార్క్ మూడు సింహాలు, మూడు కిరీటాలు, స్వీడన్ పాత సింహం, పొమెరానియా గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువు). నడుమ చిన్న డాలులో గొడ్డలి పట్టిన నార్వే సింహం. ఈ మూడు కిరీటాల మీద నిజ చరిత్రలో యుద్ధమే నడిచింది. యూనియన్ పోయాక కూడా డెన్మార్క్ రాజు వాటిని తన ముద్రలో ఉంచుకోవడం 1563లో మొదలైన ఏడేళ్ల యుద్ధానికి ఒక కారణం. చివరికి డెన్మార్క్ రాజముద్ర నుంచి ఆ కిరీటాలను తీసేసింది 2024 డిసెంబరులో. యూనియన్ జెండా పసుపు మీద ఎర్ర శిలువ. దాన్ని వెనకవైపు ఓడ కొనకు చిన్నగా పెట్టండి, చాలు.

6. కాలానికి తగ్గ అచ్చు

1907 నోటులో సెక్యూరిటీ థ్రెడ్ ఉండకూడదు, దాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మొదట వాడింది 1940లో. నేటి తరహా పాలిమర్ ప్లాస్టిక్ నోట్లు 1988లో ఆస్ట్రేలియాతో వచ్చాయి. హోలోగ్రాం ప్రసక్తే లేదు. వాటర్‌మార్క్ ఉండొచ్చు, పామ్‌స్ట్రుక్ నోట్లకే ఉంది. రంగుల సంగతి: కెమెరా రాకముందు నల్ల సిరా ఒక్కటి చాలేది. ఫొటో తీసి దొంగనోట్లు అచ్చువేయడం మొదలయ్యాక రంగుల అల్లికలు తప్పనిసరయ్యాయి, ఎందుకంటే అప్పటి కెమెరాకు రంగులు విడదీయడం చేతకాదు. కాబట్టి మన నోటుకు మూడు రంగులు: గీతలకు నీలి నలుపు, అడుగున పాలిపోయిన ఆకుపచ్చ, రోజెట్‌కు ఫాలున్ ఎరుపు. ఆ రాగి గని మట్టితో చేసే ఇటుక రంగు పెయింటే నేటికీ స్వీడన్ పల్లెటూరి ఇళ్ల గోడల మీద కనబడేది.

సైజు 160 మిల్లీమీటర్లు పొడవు, 95 వెడల్పు. నేటి 500 రూపాయల నోటు 150, 66 మాత్రమే. ఆ రోజుల్లో నోట్లు పెద్దవి, మడిచి పెట్టుకునేవి.

7. గీయడం

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉచితం, అది చాలు. డాక్యుమెంట్ కొలతలు మిల్లీమీటర్లలో పెట్టుకుని నాలుగు లేయర్లు చేయండి: కాగితం, అడుగు అల్లిక, చెక్కుడు గీతలు, నంబర్లు-స్టాంపులు.

అడుగు అల్లికకు రెండు అలల గీతలు గీయండి, ఒకటి పైన, ఒకటి కింద, అలల సైజు కొంచెం తేడాగా. రెండూ సెలెక్ట్ చేసి ఎక్స్‌టెన్షన్స్‌లో ఇంటర్‌పొలేట్ కొట్టి ముప్పై మెట్లు ఇవ్వండి. గీత మందం 0.12 మిల్లీమీటర్లు. దీన్నే కాపీ చేసి అద్దంలో చూసినట్టు తిప్పి మీద వేస్తే పట్టుచీర అంచు మీద నేతలాంటి మెరుపు వస్తుంది.

రోజెట్‌కు స్పైరోగ్రాఫ్ ఎక్స్‌టెన్షన్. పెద్ద చక్రం 96, లోపలి చక్రం 20 ఇవ్వండి. 96ను రెంటి గసాభా 4తో భాగిస్తే 24, అన్ని రేకులు వస్తాయి. లోపలి చక్రాన్ని 36 చేస్తే గసాభా 12, రేకులు 8. పెన్ను దూరం మార్చుకుంటూ ఐదారు పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, ఎరుపు పొరల మధ్య ఒక్కటి ఆకుపచ్చ పెట్టండి. దాలెర్‌కు 96 షిల్లింగులు కాబట్టి చక్రం 96 అన్న సంగతి ఎవరూ గమనించరు. గీసేవాళ్లకు ఇలాంటివే ముచ్చట.

ముఖం కష్టమైన పని. ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఎన్‌గ్రేవ్ ఫిల్టర్ ఉంది గానీ అది అన్ని గీతలనూ అడ్డంగా పరిచేస్తుంది, ముఖం కిటికీ పరదా వెనకున్నట్టు తేలుతుంది. చెక్కేవాళ్లు గీతను చర్మం వంపు వెంట తీసుకెళ్తారు: బుగ్గ మీద విల్లులా, ముక్కు పక్కన కిందికి జారుతూ, నుదుటి మీద దాదాపు తిన్నగా. చీకటి చోట గీత లావవుతుంది, వెలుతురు చోట సన్నబడి తెగిపోయి చిన్న ముక్కలవుతుంది. దవడ కింద నీడకు రెండో వరుస గీతలు ఏటవాలుగా దాటించండి. అలా ఏర్పడిన చిన్న చిన్న డైమండ్ల మధ్య ఒక్కో చుక్క పెడితే పాత నోటు వాసన వచ్చేస్తుంది. కనుపాపలో తెల్ల చుక్క ముందు పెట్టి, దాని చుట్టూ పని మొదలెట్టండి. సమాధి శిల్పం వెల్లకిలా ఉంటుంది కాబట్టి నీడలు తారుమారవుతాయి. శిల్పం నుంచి ముఖం కొలతలు మాత్రం తీసుకుని, వెలుతురు ఎడమ పైనుంచి పడుతున్నట్టు మీరే వేసుకోండి.

8. నంబరు, సంతకాలు, బెదిరింపు

నంబరు అచ్చు చెక్కుడుతో కలవకూడదు. వేరే సిరా, రెండు చోట్ల, ఒకటి కొద్దిగా పక్కకు జరిగి ఉండాలి. కంప్యూటర్ అలైన్‌మెంట్ కొట్టి సరిచేయాలనే కోరికను ఆపుకోండి. సంతకాలు రెండు, నిజమైన కలంతో తెల్లకాగితం మీద పెట్టి స్కాన్ చేసినవి. ఊహా పేర్లే పెట్టండి. తండ్రి పేరుకు సెన్ చేర్చితే డెన్మార్క్, నార్వేల వైపు, సోన్ చేర్చితే స్వీడన్ వైపు. ఇద్దరిలో ఒకరు ఒక వైపు, ఇంకొకరు ఇంకో వైపు ఉండాలి.

ఒక వరుసలో బెదిరింపు కూడా పెట్టండి. 18వ శతాబ్దపు స్వీడిష్ నోట్ల మీద దొంగనోటు చేసినవాణ్ని ఉరితీస్తామని అచ్చులోనే ఉండేది. 1907కి ఉరి కాస్త ఎక్కువవుతుంది, కఠిన కారాగారం అని రాయండి.

9. నలగ్గొట్టడం, అచ్చువేయడం

పాత నోటు అనగానే అందరూ టీ నీళ్లలో ముంచేస్తారు. నిజంగా చేతులు మారిన నోటు అంతా ఒకేలా గోధుమ రంగుకు తిరగదు. మడతల దగ్గర సిరా రాలి తెల్లబడుతుంది, మడతలు కలిసే చోట సన్నటి చిల్లి పడుతుంది, బొటనవేలు పట్టే మూల మాత్రమే మురికవుతుంది. 160 మిల్లీమీటర్ల నోటును నిలువుగా రెండుసార్లు, అడ్డంగా ఒకసారి మడవండి, అప్పటి పర్సులో అలాగే పడుతుంది. కంప్యూటర్‌లో చేస్తుంటే మడతల గీతలకు వేరే లేయర్ పెట్టి చెక్కుడు లేయర్‌నే చెరపండి, కాగితం లేయర్‌ను ముట్టుకోవద్దు.

అచ్చుకు 600 డీపీఐ, కాటన్ కలిసిన మందపాటి కాగితం. ఏ దేశపు అసలు నోటునూ స్కాన్ చేసి అడుగున బేస్‌గా వాడకండి. ఫొటోషాప్, కలర్ జిరాక్స్ యంత్రాలు వాటిని గుర్తుపట్టి మొరాయిస్తాయి. పైగా మన దగ్గర కరెన్సీ నోటును పోలిన కాగితం తయారుచేయడమే భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద నేరం. కల్మార్ నోటుకు ఆ టెన్షన్ లేదు గానీ, కొలతలు, రంగులు రిజర్వు బ్యాంకు నోటుకు దగ్గరగా రాకుండా చూసుకోండి. అయినా నాలుగు చేతులకు ఇచ్చే కాపీల మీద నమూనా అన్న మాటను డేనిష్‌లో, ఎర్ర సిరాతో, రోజెట్ మీదుగా ఏటవాలుగా కొట్టండి. నిజం బ్యాంకులు కూడా తమ శాఖలకు పంపే మాదిరి నోట్ల మీద అలాంటి ముద్రే కొట్టి, నంబరు చోట అన్నీ సున్నాలు వేసేవి.